శీతోష్ణములను జయించిన రబ్బరు – చార్లెస్ గుడ్‌ఇయర్ జీవితము

పాఠశాలకు వచ్చు ప్రతి విద్యార్థి సంచిలోను ఒక చిన్న రబ్బరు ముక్క ఉండును. పెన్సిలుతో వ్రాసిన తప్పును దానితో తుడిచివేసి మరల సరిగా వ్రాసికొందుము. మనము ఆడుకొను బంతికిని, మన సైకిలు చక్రమునకును, మనలను ఊరికి చేర్చు బస్సు చక్రమునకును ఆ రబ్బరే ఆధారము. వైశాఖమాసపు మండుటెండలో తారురోడ్డుపై పరుగిడు టైరు కరగి కారిపోదు. మంచు కురియు దేశములలో అది గాజువలె పగిలి ముక్కలు కాదు. ఇది సహజమే గదా యని మనము తలంతుము. కాని ఈ ఓర్పు రబ్బరునకు పుట్టుకతో వచ్చిన గుణము కాదు. ఒక మనుజుడు తన ధనమును, ఆరోగ్యమును, ఇంటి సుఖమును ధారవోసి దానికి సంపాదించిపెట్టిన గుణమది. ఆయన పేరు చార్లెస్ గుడ్‌ఇయర్.

రబ్బరు చెట్టు జన్మభూమి దక్షిణ అమెరికాలోని అమెజాను నదీ ప్రాంతము. దాని బెరడును గీసినచో పాలవంటి రసము కారును. ఆ రసమును పొగపై ఆరబెట్టి అచ్చటి ఆదివాసులు బంతులను, సీసాలను, పాదరక్షలను చేసికొనుచుండిరి. యూరపు ఖండమునకు చేరిన తరువాత చాలకాలము వరకు ఇది ఒక వింతవస్తువుగనే ఉండెను. కాగితముపై పెన్సిలు గీతలను ఇది తుడిచివేయునని 1770లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ ప్రకటించెను. రుద్దునది యను అర్థముననే ఆంగ్లభాషలో దీనికి రబ్బరు అను పేరు వచ్చెను. 1823లో స్కాట్లండు దేశీయుడగు చార్లెస్ మాకింటాష్ రెండు వస్త్రముల నడుమ రబ్బరు పొరను పూసి, నీరు చొరని గుడ్డను తయారుచేసెను. పిమ్మట అమెరికాలో రబ్బరు వ్యాపారముపై జనులకు పిచ్చి పుట్టెను. కర్మాగారములు వెలసినవి; ధనవంతులు మూటలు విప్పిరి.

కాని ఆ వ్యాపారము రెండు ఋతువులైనను నిలువలేదు. పచ్చి రబ్బరుతో చేసిన పాదరక్ష చలికాలమున రాయివలె గట్టిపడి బీటలు వారెడిది. వేసవి రాగానే మైనమువలె మెత్తబడి, జిగురై, దుర్గంధము వెదజల్లెడిది. కొన్నవారు సరకులను త్రిప్పి పంపిరి. కుళ్లిన వస్తువుల దుర్వాసన భరింపలేక ఒక సంస్థవారు వానిని గోతులు త్రవ్వి పూడ్పించిరట. రబ్బరు అనిన జనులు నవ్వు దినములు వచ్చినవి. సరిగా అట్టి సమయమున, అందరును దానిని విడిచిపోవుచుండగా, గుడ్‌ఇయర్ దానిని చేపట్టెను.

చార్లెస్ గుడ్‌ఇయర్ అమెరికా సంయుక్త రాష్ట్రములలో కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూహేవెన్ పట్టణమున 1800వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన జన్మించెను. తండ్రి అమాసా గుడ్‌ఇయర్ వ్యవసాయ పనిముట్లను, గుండీలను తయారుచేయించు వ్యాపారి. చార్లెస్ పదునేడవ యేట ఫిలడెల్ఫియా నగరమునకు పోయి ఇనుప సామానుల వ్యాపారమును నేర్చుకొనెను. పిమ్మట తండ్రితో భాగస్వామియై పనిచేసెను. 1824లో క్లారిస్సా బీచర్ అను యువతిని వివాహమాడెను. 1826లో ఫిలడెల్ఫియాలో దుకాణము తెరచెను. తొలుత అది చక్కగా సాగెను. కాని అరువిచ్చిన సొమ్ము తిరిగి రాక, 1830 నాటికి తండ్రీ కుమారుల వ్యాపారము కూలిపోయెను. అప్పులు మిగిలినవి. ఆనాటి చట్టము ననుసరించి బాకీ తీర్పలేనివానిని చెరసాలలో నుంచుచుండిరి. గుడ్‌ఇయర్ ఆ చెరసాలను తొలిసారి అప్పుడే చూచెను. అది తుదిసారి కాలేదు.

1834లో ఆయన న్యూయార్కులోని ఒక రబ్బరు దుకాణమున నీటిలో మునుగకుండ కాపాడు రబ్బరు సంచిని చూచెను. దానిలో గాలి నింపు కవాటము సరిగా లేదని తోచి, మెరుగైన కవాటమును కల్పించి తెచ్చి చూపెను. దుకాణపు అధికారి దానిని మెచ్చుకొనెను గాని కొనలేదు. బాగుచేయవలసినది కవాటము కాదనియు, రబ్బరే యనియు ఆయన తెలిపెను. వేసవిలో కరగి, చలిలో పగులు ఈ పదార్థమునకు నిలుకడ కల్పించిన వానికి అదృష్టము పండునని గుడ్‌ఇయర్ గ్రహించెను. రసాయనశాస్త్రమును ఆయన చదువలేదు. చేతిలో ధనము లేదు. అయినను ఆనాటినుండి తుదిశ్వాస వరకు ఆయనకు వేఱొక చింత లేదు.

ఫిలడెల్ఫియాకు మరలి రాగానే బాకీలవారు ఆయనను తిరిగి చెఱకు పంపిరి. ఆయన పచ్చి రబ్బరు ముద్దను, భార్య రొట్టెల పిండి నొత్తుకొను కఱ్ఱను చెఱసాలకు తెప్పించుకొని, అచ్చటనే తొలి ప్రయోగములు ప్రారంభించెను. జిగురును పోగొట్టుటకు ఏదైన పొడిని కలిపిన చాలునని ఆయన మొదటి ఊహ. విడుదలయైన పిమ్మట మగ్నీషియా పొడిని కలిపి చూచెను. రబ్బరు తెల్లగా, ముచ్చటగా వచ్చెను. భార్యయు బిడ్డలును వంటింట కూర్చుండి దానితో పాదరక్షలు చేసిరి. వేసవి వచ్చెను, పాదరక్షలన్నియు కరగి ముద్దయ్యెను. పొరుగువారు ఆ వాసన భరింపలేక మొఱపెట్టిరి. గుడ్‌ఇయర్ న్యూయార్కునకు తరలిపోయెను.

అచ్చట సున్నపు నీటిలో రబ్బరును ఉడికించి చూచెను. పైపొర గట్టిపడెను, బహుమతులు సైతము లభించెను. కాని పలుచని ఆమ్లపు చుక్క యొక్కటి పడినంతనే ఆ గట్టిదనము మాయమయ్యెను. తరువాత నత్రికామ్లముతో ప్రయోగము చేసెను. ఆ విషవాయువులను పీల్చి, ప్రాణాపాయ స్థితిలో పలు వారములు మంచముపట్టెను. అయినను ఆమ్లము తగిలిన రబ్బరు పైభాగము నునుపై, జిగురు వదలినట్లు కనుగొని 1837లో దానిపై పేటెంటును పొందెను. ఒక ధనికుడు పెట్టుబడి పెట్టుటకు ముందుకు వచ్చెను. ఆ యేడే అమెరికాలో ఆర్థిక విపత్తు సంభవించి ఆ ధనికుని సంపద తుడిచిపెట్టుకొని పోయెను. గుడ్‌ఇయర్ కుటుంబము స్టాటెన్ ద్వీపమున మూతబడిన రబ్బరు కర్మాగారములో తలదాచుకొనెను.

అనంతరము ఆయన మసాచుసెట్స్ రాష్ట్రమందలి వూబర్న్ అను గ్రామమునకు చేరెను. అచ్చట నథానియేలు హేవర్డు అను పనివాడు రబ్బరులో గంధకమును కలిపి ఎండలో ఆరబెట్టినచో జిగురు తగ్గునని కనుగొనియుండెను. గుడ్‌ఇయర్ ఆ పద్ధతిపై హక్కును కొనెను. ప్రభుత్వమువారు 150 తపాలా సంచులను చేసి యిమ్మని ఆజ్ఞాపించిరి. సంచులు చక్కగా కుదిరినవి. వానిని వెచ్చని గదిలో వ్రేలాడదీసి, కొన్ని దినములు కుటుంబముతో విశ్రాంతికి పోయి మరలి వచ్చి చూడగా, అవి కరగి తమ పిడులనుండి జారిపోవుచుండెను. రబ్బరు పైపొర మాత్రమే మారినది గాని, లోపలి స్వభావము మారలేదు. బంధువులు ఇక చాలింపుమనిరి. మిత్రులు ముఖము చాటుచేసిరి.

1839వ సంవత్సరపు చలికాలమున ఆ దినము వచ్చెను. గంధకము కలిపిన రబ్బరు ముక్క ఒకటి కాలుచున్న పొయ్యిపై పడెను. అది యెచ్చట, ఎట్లు జరిగినదను విషయమున పలు కథలు కలవు. జరిగిన వింత మాత్రము ఒక్కటే. మైనమువలె కరగవలసిన రబ్బరు కరగలేదు, తోలువలె కమిలెను. కమిలిన భాగమునకు అంచున సన్నని పట్టీ యొకటి కమలక, కరగక, సాగు గుణమును కోల్పోక నిలిచియుండెను. దానిని రాత్రియంతయు ఆరుబయట చలిలో ఉంచి చూచిరి. అది బిగుసుకొని పగులలేదు. ఏ వేడి రబ్బరునకు శత్రువని లోకమంతయు నమ్మినదో, ఆ వేడియే గంధకముతో గూడి దానికి మిత్రమయ్యెను. దీనిని కేవలము యాదృచ్ఛికమని చెప్పుట గుడ్‌ఇయర్‌నకు సమ్మతము కాలేదు. పొయ్యిమీద వస్తువులు పడుట ఎల్ల యిండ్లలోను జరుగును; పడిన దానిలోని అర్థమును చదువగల కన్ను ఐదేండ్ల తపస్సు లేనిదే లభింపదు.

ఇందలి రహస్యమును నేటి శాస్త్రము ఇట్లు వివరించుచున్నది. రబ్బరు మిక్కిలి పొడవైన అణువుల గొలుసులతో కూడినది. పచ్చి రబ్బరులో ఈ గొలుసులు చిక్కువడిన నూలుపోగులవలె ఒకదానిపై నొకటి పడియుండును గాని, ఒకదానితో నొకటి కట్టువడి యుండవు. వేడి తగిలిన అవి జారిపోవును. చలి తగిలిన కదలిక నుడిగి బిగుసుకొనును. గంధకముతో కలిపి వేడిచేసినప్పుడు, గంధకపు పరమాణువులు గొలుసునకు గొలుసునకు నడుమ చిన్న వంతెనలు కట్టును. అంతట పోగులు వలయగును. లాగినచో సాగును, విడిచినచో యథాస్థితికి వచ్చును, వేడిలో జారిపోదు. వంతెనలు తక్కువైన మెత్తనిది, ఎక్కువైన కొయ్యవలె గట్టిది లభించును. గుడ్‌ఇయర్‌నకు ఈ అణువుల సంగతి తెలియదు. ఆయన చేతులకు మాత్రము తెలియును.

కనుగొనుట ఒక యెత్తు. కుదుర్చుట వేఱొక యెత్తు. ఎంత గంధకము, ఎంత వేడి, ఎంతసేపు అను ప్రశ్నలకు సమాధానము దొరకుటకు మరి నాలుగైదేండ్లు పట్టెను. భార్య రొట్టెలు కాల్చుకొనిన పిమ్మట ఆ పొయ్యిలో రబ్బరు ముక్కలు పెట్టెడివాడు. కెటిలు మూతికి వ్రేలాడగట్టెడివాడు. పొరుగు కర్మాగారములలో ఆవిరిని అరువడిగెడివాడు. తుదకు ఒత్తిడిగల ఆవిరిలో, సుమారు 132 సెంటీగ్రేడు డిగ్రీల వేడిలో, నాలుగు మొదలు ఆరు గంటలవరకు ఉంచినచో రబ్బరు సమముగా పక్వమగునని తేలెను. ఈ కాలమున ఆ కుటుంబము పడిన కష్టములు చెప్పనలవి కావు. ఇంటి సామాను కుదువకు పోయెను. తుదకు బిడ్డల బడిపుస్తకములను సైతము ఆయన అమ్మివేసెను. వానికి ఐదు డాలర్లు వచ్చెను. ఆ దుర్దినములలోనే ఒక పసిబిడ్డ మరణింపగా అంత్యక్రియలకు ఇంట ధనము లేకుండెను. వారికి కలిగిన బిడ్డలలో అనేకులు శైశవముననే కన్నుమూసిరి. క్లారిస్సా ఈ భారమునంతయు మోసెను. బావమరిది విలియం డి ఫారెస్టు పెద్ద మొత్తములిచ్చి ఆదుకొనెను.

1844 జూను 15వ తేదీన అమెరికా ప్రభుత్వము గుడ్‌ఇయర్‌నకు ఈ పద్ధతిపై పేటెంటు నొసగెను. కాని అప్పటికే సముద్రమునకావల నష్టము జరిగిపోయెను. ఆయన పంపిన మచ్చుముక్కలు ఇంగ్లండులో థామస్ హాంకాకు అను ప్రవీణుని చేతికి చిక్కినవి. వానిపై తేలిన గంధకపు పొడిని బట్టి హాంకాకు రహస్యమును ఊహించి, 1843 నవంబరులోనే అచ్చట పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. రోమనుల అగ్నిదేవుడగు వల్కన్ పేరిట ఈ ప్రక్రియకు వల్కనైజేషన్ అను నామము వచ్చినది హాంకాకు మిత్రునివలననే. 1855లో ఇంగ్లండు న్యాయస్థానము హాంకాకు పక్షముననే తీర్పునిచ్చెను. స్వదేశమున సైతము పలువురు అనుమతి లేకయే ఆ పద్ధతిని వాడుకొనిరి. 1852లో ట్రెంటన్ పట్టణమున హొరేస్ డే అను వర్తకునిపై జరిగిన వ్యాజ్యమున సుప్రసిద్ధ న్యాయవాది డేనియల్ వెబ్‌స్టర్ గుడ్‌ఇయర్ పక్షమున వాదించి గెలిపించెను. వెబ్‌స్టర్ పుచ్చుకొనిన రుసుము 15,000 డాలర్లు.

గుడ్‌ఇయర్‌నకు ధనము వచ్చినప్పుడు కూడ నిలువలేదు. ప్రయోగములకును, ప్రదర్శనలకును అంతయు వెచ్చించెను. 1851లో లండను మహాప్రదర్శనమునను, 1855లో పారిసు ప్రదర్శనమునను రబ్బరుతో చేసిన గృహోపకరణములను, ఆభరణములను, పుస్తకపు అట్టలను ఉంచి ప్రపంచమును అబ్బురపరచెను. 1853లో క్లారిస్సా మరణించెను. సుదినములు ఆమె పాలికి స్వల్పము. ఫ్రాన్సులో ఆయన పేటెంటు రద్దు కాగా ఆదాయము నిలిచిపోయి, 1855 డిసెంబరులో బాకీలకై పారిసు చెఱసాలలో పెట్టబడెను. ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ ప్రసాదించిన గౌరవ పతకము ఆయనను వెదకికొని వచ్చినది ఆ కష్టకాలముననే. 1860లో ఒక కుమార్తె మృత్యుశయ్యపై నున్నదని విని బయలుదేరి, న్యూయార్కు చేరునప్పటికి ఆమె లేదను వార్త విని కుప్పకూలెను. జూలై 1వ తేదీన పరమపదించెను. మిగిల్చిపోయిన అప్పు సుమారు 2,00,000 డాలర్లు.

ఆయన గతించిన 28 సంవత్సరములకు, 1888లో, బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి నింపిన సైకిలు టైరును చేసెను. 1898లో ఒహాయో రాష్ట్రమందలి ఆక్రన్ నగరమున ఫ్రాంక్ సైబర్లింగ్ ఒక టైరుల సంస్థను స్థాపించి, దానికి గుడ్‌ఇయర్ పేరు పెట్టెను. ఆ కుటుంబమునకు ఆ సంస్థలో భాగము లేదు. అది కేవలము స్మరణార్థము.

శీతోష్ణముల సమస్య మాత్రము టైరుతో మరల తలయెత్తెను. నేటికిని అది సంపూర్ణముగా తీరలేదనుట వింత గొలుపును. గుడ్‌ఇయర్ జన్మించిన న్యూహేవెన్ పట్టణమునే తీసికొందము. అచ్చట జూలైలో ఎండ 30 డిగ్రీలను తాకును. జనవరిలో నీరు గడ్డకట్టి మంచు కురియును. ఆ యూరిలో ఒకనికి వేగముగా పోవు స్పోర్ట్సుకారు కలదనుకొందము. దానిని ముచ్చటకు ఇంట నుంచుకొనక ప్రతిదినము ఉద్యోగమునకు తోలుకొని పోవుచున్నాడు. అతడు వేసవి టైర్లు వేయవలెనా, సర్వఋతువుల టైర్లు వేయవలెనా?

వేసవి టైరు రబ్బరు మిశ్రమము వెచ్చని రోడ్డునకు తగినట్లు కూర్చబడినది. దాని దిమ్మెలు పెద్దవి, బిగువైనవి. రోడ్డును అధికముగా తాకును. కావున ఎండలోను, వానలోను అది గట్టిగా పట్టును. బ్రేకు వేసిన తక్కువ దూరములో ఆగును. మలుపులో చక్రము చెప్పినట్లు వినును. కాని సుమారు 7 డిగ్రీలకు దిగువన ఆ మిశ్రమము బిగుసుకొనుటకు ఆరంభించును. గడ్డకట్టు చలిలో బీటలు వారుటకు సైతము అవకాశము కలదు. గుడ్‌ఇయర్ కాలపు పాత శత్రువే మారువేషమున వచ్చినట్లు! సర్వఋతువుల టైరు మిశ్రమము చలిలోను మెత్తదనమును కోల్పోదు. దాని దిమ్మెలపై నుండు సన్నని చీలికలు పలుచని మంచును కఱచిపట్టును. ఇట్టి టైరును విరివిగా ప్రచారములోనికి తెచ్చిన వానిలో గుడ్‌ఇయర్ సంస్థ 1977లో విడుదల చేసిన టియెంపో ముఖ్యమైనది. కాని ఈ టైరు రెండు దిక్కుల కొలువు చేయునది. మండుటెండలో దాని మెత్తని దిమ్మెలు వేగపు మలుపులలో ఊగులాడును. ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. దట్టమైన మంచులో అసలైన చలికాలపు టైరునకు అది సాటిరాదు.

కావున వివేకి తన కారు సొగసును గాక, తన యూరి పంచాంగమును చూచుకొనును. మంచులోను కారు తీయక తప్పని వాడు, ఒక్క జతతో ఏడాది గడపవలెనన్నచో సర్వఋతువుల టైర్లనే వేసికొనుట క్షేమము. రెండు జతలను కొని దాచుకొను స్తోమత కలవాడు వేసవికి వేసవివి, చలికాలమునకు చలికాలపువి మార్చుకొనుట ఉత్తమము. మన బళ్లారి, హోసూరు, బరంపురము, షోలాపురము, యానాము ప్రాంతములందు మంచు కురియుట లేదు గనుక అట్టి చింత మనకు లేదు. ఎండకును, వానకును తట్టుకొనిన చాలును. ఆ బండి వేగము నాలుగు అరచేతులంత చోట రోడ్డును తాకు రబ్బరుపై ఆధారపడియున్నది. ఇంజను ఎంత బలమైనదైనను, ఆపగల శక్తి ఆ నాలుగు చోటులదే. తప్పు టైరు ఎన్నుకొనినచో చెల్లించు మూల్యము ధనము కాదు, ప్రాణము.

గుడ్‌ఇయర్ జీవితమును చదివి పట్టుదలను మాత్రమే మెచ్చుకొనుట సులభము. పట్టుదల గొప్పదే. కాని ఆ పట్టుదలకు మూల్యము చెల్లించినవారు మరి కొందరు కలరు. బిడ్డల పుస్తకములను అమ్మి లోకమునకు రబ్బరు నిచ్చుట న్యాయమేనా యను ప్రశ్నకు సులభమైన ఉత్తరము లేదు. ఇల్లు గడుపు తల్లిదండ్రులు దానిని ఒక రీతిగను, కలలు గను విద్యార్థులు వేఱొక రీతిగను తూచుదురు. ఉభయులును కూర్చుండి మాటలాడుకొనదగిన ప్రశ్న అది. ఒక్కటి మాత్రము నిశ్చయము. తాను నాటిన చెట్టు ఫలములను ఇతరులు కోసికొనిరని ఆయన దుఃఖింపలేదు. ఎవ్వరును కోసికొనకుండ పోయినచో దుఃఖించెడివాడు.

ప్రియ విద్యార్థులారా! ఇకపై తప్పును తుడుచుటకు రబ్బరు ముక్కను చేతబట్టినప్పుడు, లెక్కలేనన్ని తప్పులను తుడిచికొనుచు ఒప్పును చేరిన ఆ మనుజుని తలంచుడు. అతనితోపాటు పొయ్యి నిచ్చిన క్లారిస్సాను, ఐదు డాలర్లకు అమ్ముడుపోయిన ఆ బడిపుస్తకములను గూడ మఱవకుడు.